నల్లగా వేసిన రంగు ఎర్రగా ఎందుకు తిరుగుతుంది?

వేసిన రోజు జుట్టు కాటుకలా నిగనిగలాడుతుంది. పది పన్నెండు రోజులు పోయాక ఎండలో నిలబడితే కొసలు రాగి రంగు కొడుతుంటాయి. నెల తిరిగేసరికి కుదుళ్లలో తెలుపు, మధ్యలో నలుపు, చివర ఎరుపు, ఒకే తలమీద మూడు రంగులు. తిరుపతి గాంధీ రోడ్డులోనైనా చిత్తూరు బజారులోనైనా రంగు పెట్టె కొనబోయినవాళ్లు అడిగే మాట ఒకటే: ఎర్రబడని రంగు ఏదుంది? పెట్టె మార్చినంత మాత్రాన తీరే బాధ కాదిది. రంగు ఎక్కువగా పోయేది స్నానాల గదిలో. అందుకు మనం షాంపూను తిట్టుకుంటాం గానీ పెద్ద వాటా నీళ్లది.

వెంట్రుక లోపల జరిగేది

వెంట్రుక పైభాగం పెంకుటింటి కప్పులా ఉంటుంది. సన్నని పొలుసులు ఒకదానిమీద ఒకటి, కొసవైపు వాలి పరుచుకుంటాయి. వాటి కింద ఉన్న మందమైన భాగం పేరు కార్టెక్స్. జుట్టుకు పుట్టుకతో వచ్చే నలుపును ఇచ్చే మెలనిన్ ఉండేది అందులోనే. పర్మనెంట్ రంగు ఏ కంపెనీదైనా ఈ పెంకులు దాటి అక్కడికి చేరాల్సిందే.

పెట్టెలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి క్రీము. దాంట్లో అమ్మోనియా లాంటి క్షారం ఒకటి, పీపీడీ అని పొట్టిగా పిలిచే పారా ఫెనిలిన్ డయమీన్ లాంటి చిన్న అణువులు కొన్ని. అప్పటికి ఆ అణువులకు చెప్పుకోదగ్గ రంగు ఉండదు. రెండోది డెవలపర్, అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్. 10 వాల్యూమ్ అని ఉంటే 3 శాతం, 20 అంటే 6 శాతం, 30 అంటే 9 శాతం. రెండూ కలిపి తలకు పట్టించాక క్షారం వెంట్రుకను ఉబ్బించి పొలుసులను విప్పుతుంది. చిన్న అణువులు లోపలికి జారుకుంటాయి. అక్కడ పెరాక్సైడ్ వాటిని ఒకదానికొకటి అతికించి పెద్ద రంగు అణువులుగా మారుస్తుంది. అంత పెద్దవయ్యాక వచ్చిన దారిన సులువుగా బయటపడలేవు. పర్మనెంట్ అన్న మాటకు అర్థం అంతవరకే, ఎప్పటికీ పోదని కాదు.

పెరాక్సైడ్ ఇంకో పని కూడా చేస్తుంది. మన సొంత మెలనిన్‌ను కొంత విరిచి పలచన చేస్తుంది. నలుపు రంగు పెట్టెలోనూ ఇది జరుగుతుంది, కాకపోతే వేసిన రంగు కప్పేస్తుంది కనుక ఆ రోజు తెలియదు. వారాలు గడిచి ఆ కప్పు కొద్దికొద్దిగా ఊడుతుంటే కింద పలచబడిన మెలనిన్ బయటపడుతుంది. పలచబడిన నలుపు బూడిద రంగులోకి తిరగదు, ఎరుపులోకి తిరుగుతుంది. ఇంకా పలచబడితే నారింజ. మరి తెల్ల వెంట్రుకలో మెలనినే లేదు కదా, అదెందుకు ఎర్రబడుతుంది? పెట్టెలోని నలుపు ఒకే రంగు కాదు, రెండు మూడు రంగుల కలయిక. అవన్నీ ఒకే వేగంతో పోవు.

ఇంకో నష్టం కంటికి కనపడదు. పుట్టుకతో ప్రతి వెంట్రుకమీదా పలచని కొవ్వు పూత ఒకటి ఉంటుంది. తామరాకుమీద నీళ్లలా బొట్టు జారిపోయేది దాని వల్లనే. క్షారమూ పెరాక్సైడూ కలిసి మొదటిసారికే ఆ పూతను చాలావరకు ఊడ్చేస్తాయి. అది మళ్లీ రాదు. తిరుమల కల్యాణకట్ట నుంచి వెళ్లే తలనీలాలను విగ్గుల వ్యాపారులు అంతగా కోరుకోవడానికి ఒక కారణం ఇక్కడే ఉంది: ఆ జుట్టులో ఎక్కువ భాగానికి రంగు తగలదు, పొలుసులు చెదరవు. తర్వాత దాన్ని వాళ్లు ఎలాగూ బ్లీచ్ చేసి రంగులద్దుతారనుకోండి, అది వేరే సంగతి.

నీళ్ల సంగతి

మామూలు వెంట్రుక తడిస్తే తన బరువులో దాదాపు 30 శాతం నీళ్లు పీల్చుకుంటుంది, లావు 15 శాతం దాకా పెరుగుతుంది. ఉబ్బినప్పుడు పొలుసులు ఎడమవుతాయి, ఆ సందుల్లోంచి రంగు నీళ్లలోకి దిగుతుంది. పూత పోయిన జుట్టు ఇంకా తొందరగా తాగుతుంది. నీళ్లు ఎంత వేడిగా ఉంటే దిగడం అంత వేగం. షాంపూ వాడకుండా ఉత్త నీళ్లతో రోజూ తల తడిపేవాళ్ల రంగు, వారానికి రెండుసార్లు షాంపూ పెట్టేవాళ్ల రంగు కంటే ముందు పోవచ్చు. ‘షాంపూ ముట్టడమే లేదు, అయినా పోతోంది’ అనేవాళ్ల తికమక ఇదే.

సల్ఫేటు లేని షాంపూ మంచిదే. పొడిబారిన జుట్టుకు హాయిగా ఉంటుంది. కానీ దాని కోసం మూడు రెట్లు డబ్బు పెట్టి, ఆపైన గీజరు నీళ్లు పొగలు కక్కేట్టు పోసుకుంటే ఆ డబ్బు కాలవలోకే. ముందు మార్చాల్సింది నీళ్ల వేడి. చెయ్యి పెడితే చల్లగానూ తోచక వేడిగానూ తోచక ఉండాలి. మన పక్క ఎండాకాలంలో ఇంకో తిరకాసు ఉంది: మధ్యాహ్నం మిద్దెమీది ట్యాంకు నీళ్లే కాగిపోయి ఉంటాయి. గీజరు వేయలేదు కదా అని మురిసిపోవడానికి లేదు. తెల్లవారుజామున పోసుకోవడమో, రాత్రే బక్కెట్టు పట్టి ఉంచుకోవడమో చేయాలి.

ఇక ఉప్పు నీళ్లు. తిరుపతిలో కార్పొరేషన్ కొళాయికి తెలుగుగంగ, కల్యాణి డ్యాం నీళ్లు వస్తాయి గానీ అపార్టుమెంట్లలో స్నానానికి ఎక్కువగా వాడేది బోరు నీళ్లే. చిత్తూరు వైపు పల్లెల్లోనూ అంతే. మనం ఉప్పు నీళ్లంటాం గానీ జుట్టుకు చేటు చేసేది నాలుకకు తగిలే ఉప్పు ఒక్కటే కాదు, నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం. తాగే నీళ్లకు భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా. మీ ఇంటి నీళ్ల లెక్క తెలుసుకోవడానికి లేబొరేటరీ అక్కర్లేదు. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతోందా, కొళాయి మూతి సున్నం వేసినట్టు అవుతోందా, ఒంటి సబ్బు నురగ రాకుండా తరకలు కడుతోందా? ఈ మూడింటిలో రెండు ఉంటే అవి గట్టి నీళ్లే.

గట్టి నీళ్లు రంగును నేరుగా కడిగేస్తాయనడం కొంచెం అతిశయోక్తి. అవి చేసేది వేరు. రంగు వేసిన జుట్టుమీద రుణావేశం ఎక్కువ కనుక కాల్షియం వచ్చి అంటుకుంటుంది. పైన మసక పొర పడుతుంది. లోపల రంగు ఉన్నా బయటికి వెలిసినట్టు కనబడుతుంది, చేతికి గరుకుగా తగులుతుంది. మళ్లీ రంగు వేయబోతే ఆ పొర అడ్డుపడి ఒకచోట ఎక్కి, ఒకచోట ఎక్కక మచ్చలు మచ్చలుగా వస్తుంది. నీళ్లలో ఇనుమో రాగో ఉంటే మరీ చిక్కు, పెరాక్సైడ్‌తో అవి కలిస్తే వెంట్రుక లోపల దెబ్బ పెరుగుతుంది. కాబట్టి రంగు వేసే ముందు రోజు, లేదా నెలకు ఒకసారి, ఇలాంటి పొరను పట్టి లాగే షాంపూ వాడాలి. క్లారిఫయింగ్ అనో కీలేటింగ్ అనో పేరు ఉంటుంది. పేరు నమ్మక, సీసా వెనక ఈడీటీఏ అన్న అక్షరాలు మొదటి వరుసల్లో ఉన్నాయేమో చూడండి. రంగు వేసిన కొత్తల్లో మాత్రం దాని జోలికి పోకూడదు, రంగునూ లాగుతుంది.

షవరుకు తగిలించే ఫిల్టర్ల గురించి ఒక మాట. వాటిలో చాలావరకు క్లోరిన్‌ను, మట్టిని తగ్గిస్తాయి అంతే. కాల్షియాన్ని తీయాలంటే ఉప్పు వేసి నడిపే సాఫ్ట్‌నర్ యంత్రం కావాలి. అంత ఖర్చు పెట్టలేకపోతే దారి సులువు: తలంతా బోరు నీళ్లతోనే కడగండి, చివరి రెండు మూడు లీటర్లు మాత్రం క్యాన్ నీళ్లు పోయండి. ఆర్‌ఓ యంత్రం పక్కన బక్కెట్టులో పడే వృథా నీళ్లు వద్దు. యంత్రం వడకట్టి వదిలిన లవణాలన్నీ చేరి అవి బోరు నీళ్లకంటే గట్టివి.

తలకు పోసుకునే తీరు

రంగు వేసుకున్నాక 72 గంటలు తల తడపకూడదు, పొలుసులు మూసుకోవాలి అంటారు. ఆ గడియారం లెక్కకు అంత బలం లేదు. పెట్టెతో వచ్చే కండీషనర్ ఆమ్ల గుణం వల్ల పొలుసులు కొద్ది నిమిషాల్లోనే చాలావరకు అణుగుతాయి. అయినా రెండు రోజులు ఆగడం లాభమే, తడవని రోజు రంగు దిగని రోజు కనుక. శుక్రవారం తలంటుకునే ఇళ్లలో బుధవారం రంగు వేసుకుంటే లెక్క సరిపోతుంది. ఆ తర్వాత వారానికి రెండు తలస్నానాలు చాలు.

కడిగే ముందు నూనె పెట్టే మన అలవాటు రంగు జుట్టుకు మేలే, నూనె కొబ్బరినూనె అయితే. దానిలోని లారిక్ ఆమ్లం సన్నగా నిటారుగా ఉండి వెంట్రుక లోపలికి దూరగలదు, నీళ్లకు ఉబ్బడాన్ని తగ్గించగలదు. మినరల్ ఆయిల్‌తో చేసిన సువాసన నూనెలు పైపైనే ఉంటాయి. ఆముదం కూడా పైపూతే, జిడ్డు వదిలించడానికి రెండుసార్లు షాంపూ పెట్టాల్సి వస్తుంది, ఆ రుద్దుడులో లాభమంతా పోతుంది. నడుము దాకా ఉన్న జుట్టుకు 10 నుంచి 15 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు చెంచాలు, మధ్య నుంచి కొసల వరకు, గంట ముందు. కాచిన నూనె వద్దు, గోరువెచ్చన చాలు. తాత్కాలిక రంగులు, డెవలపర్ లేని సెమీ పర్మనెంట్ రంగులు వేసుకున్నవాళ్లకు మాత్రం ఇది వర్తించదు. ఆ రంగు పొలుసుల కింద పైపైన ఉంటుంది, నూనెకు కదిలి దిండుకు అంటుతుంది.

షాంపూ రెండు చెంచాలు, 10 మిల్లీలీటర్లు, ఒక మగ్గు నీళ్లలో కలిపి కుదుళ్లకే పోసి వేళ్ల మెత్తలతో రుద్దాలి. మురికీ జిడ్డూ ఉండేది నెత్తిమీదే. జుట్టంతా పైకి కుప్పగా చేసి బట్టలు పిండినట్టు రుద్దడం, ఇంట్లో జరిగే నష్టాల్లో ఇదే పెద్దది. కారిన నురగ చాలు కొసలకు. తర్వాత నీళ్లు పిండేసి కండీషనర్ 15 మిల్లీలీటర్లు, చెవుల కింద నుంచి చివరిదాకా. నీళ్లు పిండకుండా రాస్తే అది జుట్టుకు పట్టదు, కాలవకు పడుతుంది. 3 నిమిషాలు ఉంచి, ఎడం పళ్ల దువ్వెనతో ఒకసారి చిక్కు తీసి కడగాలి. రంగు జుట్టుకు కండీషనర్ సోకు కాదు. పోయిన కొవ్వు పూత స్థానంలో తాత్కాలికంగా కూచునేది అదే. దానిలోని ధనావేశపు పదార్థాలు దెబ్బతిన్న చోటనే వెతికి అంటుకుంటాయి. సీసామీద బీహెన్‌ట్రైమోనియం, సెట్రిమోనియం, అమోడైమెథికోన్ లాంటి పేర్లు కనబడితే ఆ పని చేసేవే.

ఆఖరున లీటరు క్యాన్ నీళ్లలో ఒక పెద్ద చెంచా, 15 మిల్లీలీటర్లు, వెనిగర్ కలిపి పోసుకుంటే పొలుసులు అణుగుతాయి, కాల్షియం పొర కొంత కరుగుతుంది. వాసన పడనివాళ్లు అర నిమ్మచెక్క రసం వడకట్టి కలుపుకోవచ్చు. నీళ్లలో కలపకుండా నిమ్మకాయ రుద్దుకుని ఎండలో కూచుంటే మాత్రం ఫలితం తిరగబడుతుంది, ఉన్న రంగు తేలుతుంది. వంటసోడా అసలు వద్దు, అది క్షారం. మూసుకున్న తలుపు మళ్లీ తెరిచినట్టు.

తువ్వాలుతో తల దులపడం, కొట్టడం మానేసి పాత నూలు పంచెతో అదిమి నీళ్లు తీయాలి.

కుంకుడుకాయ, శీకాయ సంగతేమిటి? రెండూ సబ్బులా క్షారం కావు, కొంచెం ఆమ్లపు వైపే. ఆ లెక్కన మంచివే. చిక్కు వేరేచోట ఉంది. శీకాయ పొడి వడకట్టకుండా రుద్దితే నలుసులు గరుకు కాగితంలా పొలుసులను గీకుతాయి. కుంకుడు రసం చిక్కగా ఉంటే జిడ్డును పూర్తిగా లాగేసి జుట్టును పీచులా చేస్తుంది. 8 లేక 10 కాయలు రాత్రి అర లీటరు నీళ్లలో నానబెట్టి, పిసికి, పలచటి గుడ్డలో వడకట్టి వాడండి. తర్వాత కండీషనరో, మందారాకు జిగురో, నానబెట్టి రుబ్బి వడకట్టిన మెంతుల జిగురో తప్పదు. పెసరపిండి, శనగపిండి ఒంటికి బాగుంటాయి, రంగు జుట్టుకు కాదు.

చుండ్రు ఉన్నవాళ్లు సెలీనియం సల్ఫైడ్ ఉన్న షాంపూ వాడితే రంగు మారిపోతుంది. జింక్ పైరిథియోన్ ఉన్నది కాస్త నయం.

మళ్లీ రంగు వేసేటప్పుడు చేసే అసలు తప్పు

జుట్టు నెలకు సుమారు 1 నుంచి 1.25 సెంటీమీటర్లు పెరుగుతుంది. 20 రోజులకు కనబడే తెలుపు ముప్పావు సెంటీమీటరు. ఆ ముప్పావు సెంటీమీటరు కోసం రెండడుగుల జుట్టు మొత్తానికీ మళ్లీ క్షారం, పెరాక్సైడ్ పూయడం, ఇదే ఇళ్లలో జరుగుతున్నది. నాలుగేళ్ల వయసున్న కొసలకు ఈ లెక్కన డెబ్బైసార్లు రంగు పడి ఉంటుంది. అవి ఎర్రబడటం, చీలటం, దువ్వెనకు పీచులా రావడం వింతేమీ కాదు. మధ్యలో రంగుమీద రంగు పేరుకుని మసిలా నల్లటి పట్టీ కూడా పడుతుంది.

ఆడవాళ్ల పొడుగు జుట్టుకు నియమం ఇది: 4 నుంచి 6 వారాలకు ఒకసారి, కుదుళ్లకు మాత్రమే. దీనికి పెట్టెలో సగం కూడా పట్టదు. క్రీము 20 గ్రాములు, డెవలపర్ పెట్టెమీద చెప్పిన పాళ్లలో. కొన్నిటికి సమానం, కొన్నిటికి ఒకటికి ఒకటిన్నర. వంటింటి చెంచా కొలత కాకుండా తూచుకుంటే మంచిది. గిన్నె ప్లాస్టిక్‌ది లేదా గాజుది, ఇనుము, ఇత్తడి, సత్తు పాత్రలు వద్దు. నుదుటి అంచున, చెవులమీద వాజెలిన్ పూసి, జుట్టు నాలుగు భాగాలు చేసి, అర సెంటీమీటరు వెడల్పు పాయలు తీస్తూ బ్రష్‌తో తెల్లటి భాగం మీదే పెట్టాలి. నలుపు మొదలైన చోట ఆగిపోవాలి. ముందు పాపిట, కణతలు ముందు వేయండి, మొండి తెలుపు అక్కడే ఎక్కువ. సమయం లెక్క మొదటి పాయ నుంచి కాదు, ఆఖరి పాయ అయ్యాక. 30 నుంచి 35 నిమిషాలు లేదా పెట్టెమీద ఉన్నంత. పది నిమిషాలకే నల్లగా కనబడిందని కడిగేసేవాళ్లదే వారంలో పోయేది. పైన ముదిరిన రంగు లోపల ఇంకా తయారై ఉండదు. మే నెలలో ఫ్యాన్ కింద కూచుంటే క్రీము ఎండిపోతుంది, ఎండినచోట పని ఆగిపోతుంది. ప్లాస్టిక్ టోపీ పెట్టుకోండి. కలిపి మిగిలింది సీసాలో పోసి మూత బిగించి దాచకండి. ఆక్సిజన్ వాయువు పుట్టి సీసా పగలొచ్చు, పైగా ఆ రంగు మర్నాటికి పనికిరాదు.

కొసలు వెలిసిపోతే? వాటికి డెవలపర్ లేని సెమీ పర్మనెంట్ రంగు, కండీషనర్‌లా పూసేది, 20 నిమిషాలు ఉంచితే చాలు. కొన్ని తలస్నానాలకు పోతుంది, కానీ నష్టం చేయదు. అది దొరకకపోతే రెండు మూడు దఫాలకు ఒకసారి, కడగబోయే ముందు 5 నిమిషాలు, కుదుళ్ల రంగుకే కాస్త నీళ్లు చిలకరించి కిందికి దువ్వండి.

మగవాళ్లకు ఈ పట్టింపు అంత లేదు. రెండు అంగుళాల జుట్టు నాలుగైదు నెలల్లో పూర్తిగా కొత్తదవుతుంది, పేరుకునేందుకు వ్యవధి ఉండదు. వాళ్ల ఇబ్బంది మీసం. ముక్కు కింద చర్మం పలచన, వాసన నేరుగా లోపలికి పోతుంది. పక్క చర్మానికి వాజెలిన్ పూసి, పెట్టెమీద చెప్పిన సమయం దాటకుండా చూసుకోవాలి. కనుబొమలకు, రెప్పలకు మాత్రం ఎవరూ వేయకూడదు, చూపు పోవచ్చు. ఆ హెచ్చరిక పెట్టెమీద ముద్రించాలని మన నిబంధనల్లోనే ఉంది.

నలుపు నుంచి బ్రౌన్‌కు మారాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. రంగు రంగును తీయలేదు. పెట్టెమీది నంబరు పెరిగేకొద్దీ రంగు లేత. నల్ల రంగు వేసిన జుట్టుమీద 4 నంబరు బ్రౌన్ వేస్తే పొడుగంతా నలుపుగానే ఉంటుంది, కొత్తగా పెరిగిన కుదుళ్లు మాత్రం రాగిలా మెరుస్తాయి. ముందు 3 నంబరుకు దిగి, కుదుళ్లలో అదే వేస్తూ, కొసలు కత్తిరించుకుంటూ పోవడం నిదానమైన దారి. ఇంట్లో బ్లీచ్ పట్టే ప్రయత్నం చేయకపోవడమే మంచిది. పార్లర్‌లో బ్రౌన్ పాయలు తీయించుకున్నవాళ్లకు నారింజ తేలితే నీలి రంగు షాంపూ, పసుపు తేలితే ఊదా రంగు షాంపూ, వారానికి ఒకసారి 3 నిమిషాలు.

గోరింటాకు, ‘నల్ల హెన్నా’, అమ్మోనియా లేనిది

మాటల గారడీ ఎక్కువగా ఉన్న చోటు ఇది. అసలు గోరింటాకులో ఉండే లాసోన్ అనే రంగు పదార్థం వెంట్రుకలోని కెరటిన్ అనే ప్రొటీన్‌కు అతుక్కుని నారింజ ఎరుపు ఇస్తుంది. నలుపు ఇవ్వలేదు. పొడి కలిపి తలకు పెడితే అరగంటలో నల్లబడిందంటే దాంట్లో వేరేదేదో ఉంది, చాలావరకు పీపీడీ, దానితో పనిచేసే పొడి ఆక్సిడైజర్. పెట్టెమీద ఎన్ని ఆకుల బొమ్మలున్నా అది రసాయన రంగే. నిజంగా ఆకుతోనే నలుపు కావాలంటే రెండు దఫాలు: ముందు గోరింటాకు రెండు మూడు గంటలు, కడిగి, ఆపైన నీలి ఆకు పొడి గోరువెచ్చని నీళ్లలో చిటికెడు ఉప్పుతో కలిపి, పది పదిహేను నిమిషాలు ఆగి, తలకు పట్టించి గంట. నీలి రంగు వెంటనే తేలదు, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. ఆ రోజు షాంపూ వద్దు.

ఇనుప బాణలిలో గోరింటాకు రాత్రంతా నానబెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ముదురు రంగు వస్తుంది నిజమే, ఇనుము కలుస్తుంది కనుక. అలా పెట్టుకున్న జుట్టుకు తర్వాత పెరాక్సైడ్ రంగు వేస్తే ఆ ఇనుము అడ్డం తిరుగుతుంది. లోహ లవణాలు కలిపిన పొడులు వాడిన జుట్టయితే వేడెక్కి తునిగిపోవచ్చు కూడా. అనుమానం ఉంటే దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు కొన్ని దారంతో కట్టి, కలిపిన రంగులో అరగంట ముంచి చూడండి. గిన్నె వేడెక్కినా, బుడగలు వచ్చినా, వెంట్రుకలు సాగి తెగినా ఆ రంగు తలకు వద్దు.

అమ్మోనియా లేదు అంటే క్షారం లేదని కాదు. దాని బదులు ఎక్కువగా మోనోఇథనోలమీన్ వేస్తారు. వాసన రాదు, కళ్లు మండవు. కానీ అమ్మోనియాలా ఎగిరిపోకుండా జుట్టులోనే నిలుస్తుంది, శుభ్రంగా కడగాలి. పీపీడీ ఉందా లేదా అన్నదానికీ దీనికీ సంబంధమే లేదు.

ఎండ, చెమట, వేడి

ఎండలోని అతినీలలోహిత కిరణాలు వేసిన రంగునూ మెలనిన్‌నూ రెండింటినీ విరుస్తాయి. రోహిణి కార్తెలో స్కూటీమీద తిరిగేవాళ్లకు హెల్మెట్ కింద నుంచి వేలాడే జడ కొసలే ముందు ఎర్రబడతాయి. జడను చున్నీలోకో కొంగులోకో దోపుకోవడం ఏ సీరం కంటే ఎక్కువ పని చేస్తుంది. అలిపిరి మెట్లెక్కి చెమటతో తడిసిన తలను వెంటనే షాంపూతో కడగక్కర్లేదు. ఆరనిచ్చి, మర్నాడు ఎలాగూ తలంటు ఉంటే అప్పటిదాకా ఆగవచ్చు. ఇస్త్రీ పెట్టెలాంటి స్ట్రెయిట్‌నర్ 180 డిగ్రీలు దాటనీయకండి, తడి జుట్టుకు అసలు పెట్టకండి, లోపలి నీరు ఆవిరై వెంట్రుకను పగలగొడుతుంది. స్మూతెనింగ్ చేయించుకునే ఆలోచన ఉంటే అది ముందు, రంగు రెండు వారాల తర్వాత. ఆ వేడికి వేసిన రంగు తేలిపోతుంది.

చర్మం ఒప్పుకోకపోతే

పీపీడీ పడకపోవడం మొదటిసారి కంటే పదోసారి వచ్చే అవకాశమే ఎక్కువ. ‘ఇరవై ఏళ్లుగా ఇదే వాడుతున్నా’ అన్నది భరోసా కాదు. పెళ్లిళ్లలో పెట్టే నల్ల మెహందీ కోన్లలో కూడా ఇది కలుపుతుంటారు. చేతిమీద దానికి బొబ్బలు వచ్చినవాళ్లు తలకు రంగు వేస్తే ముఖం ఉబ్బిపోవచ్చు. ప్రతిసారీ, 48 గంటల ముందు, చెవి వెనక రూపాయి బిళ్లంత చోట కొద్దిగా పూసి చూడాలి. దురద, ఎర్రదనం, బొబ్బ ఏది కనబడినా ఆ పెట్టె పక్కన పెట్టేయాలి. వేసుకున్నాక నెత్తి మండితే సమయం చూడకుండా కడిగేయాలి. కనురెప్పలు వాచినా, ఊపిరి బరువైనా ఇంట్లో మజ్జిగ పూసుకుంటూ కూచోక ఆసుపత్రికి పోవాలి. రంగు డబ్బాలు పిల్లల చేతికి అందనిచోట ఉంచండి. మింగితే గొంతు వాచి ఊపిరి ఆడదు, తర్వాత కండరాలు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. వాంతి చేయించే ప్రయత్నాలు మాని నేరుగా రుయా లాంటి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చినవాళ్లకు పాత రంగు, పాత ఎరుపు, పేరుకున్న పొర అన్నీ ఒక్క పూటలో పోతాయి. కొత్త జుట్టు ఒక అంగుళం రావడానికి రెండు నెలలు పైనే పడుతుంది. కత్తి గాట్లు మానకముందు రంగు ముట్టకూడదు, ఆ గాట్లలోంచి పీపీడీ నేరుగా ఒంట్లోకి దిగుతుంది. తర్వాత వేసుకునే మొదటి రంగుకూ చెవి వెనక పరీక్ష తప్పదు. పడకపోవడం జుట్టులో ఉండేది కాదు, ఒంట్లో ఉండేది. అది గుండుతో పోదు.